"వాళ్లు మారరు" అన్న మాట నిజమో కాదో తేల్చుకోవాలంటే

ప్రశ్న: నేను మెంటల్ హెల్త్ నర్సుగా మొదలై, తర్వాత కౌన్సెలింగ్‌లో శిక్షణ తీసుకుని, తొమ్మిదేళ్లుగా ఒక సైకియాట్రీ విభాగంలో పనిచేస్తున్నాను. పర్సనాలిటీ డిజార్డర్ (ఆలోచన, ప్రవర్తన తీరే ఏళ్ల తరబడి ఇబ్బందిగా మారే సమస్య) ఉన్నవాళ్లతో, ముఖ్యంగా బోర్డర్‌లైన్ (భావోద్వేగాల్లో, సంబంధాల్లో నిలకడ లేని రకం) అని రాసి పంపేవాళ్లతో పనిచేయడం నాకిష్టం. మా సీనియర్లు మాత్రం "వాళ్లు మారరు, వాళ్ల మీద టైమ్ వేస్ట్ చేసుకోకు" అంటారు. అవే ముఖాలు మళ్లీ మళ్లీ వస్తుంటాయి కాబట్టి ఒక్కోసారి నాకూ అదే నిజమనిపిస్తుంది. పర్సనాలిటీ డిజార్డర్ల పరిశోధనలో పీజీ చేయాలని ఉంది. థెరపీ నేర్చుకుంటే పేషెంట్లకు పనికొస్తుంది గానీ పరిశోధన ఎందుకని తోటివాళ్లు అడుగుతున్నారు. నాకు స్టాటిస్టిక్స్ అంటే భయం. ఉద్యోగం మానుకునే పరిస్థితి లేదు. నా దగ్గరికొచ్చే పేషెంట్ల మీదే థీసిస్ చేయొచ్చా? నాకు 38 ఏళ్లు. ఆలస్యమైపోయిందా?
— ఒక పాఠకురాలు

జవాబు: మీరు చాలా ప్రశ్నలు అడిగారు. అసలైనదాన్ని మాత్రం ప్రశ్నగా అడగలేదు. "అవే ముఖాలు మళ్లీ మళ్లీ వస్తుంటాయి" అని ఒక మాట అనేసి ముందుకెళ్లిపోయారు. నేను అక్కడి నుంచే మొదలుపెడతాను. పరిశోధన మీకెందుకు పనికొస్తుందో ఆ ఒక్క మాట పట్టుకుని చెప్పొచ్చు.

మీరు చూస్తున్నది అబద్ధం కాదు. అవే ముఖాలు వస్తున్నాయి. మరి రాని ముఖాల సంగతేమిటి? కొన్నేళ్ల కిందట రెండు మూడుసార్లు అడ్మిట్ అయి, ఆ తర్వాత కనిపించకుండా పోయిన ఒక అమ్మాయి మీకు తప్పకుండా గుర్తుండే ఉంటుంది. ఆమె ఇప్పుడు ఉద్యోగం చేసుకుంటూ ఉండొచ్చు, వేరే డాక్టర్ దగ్గరికి వెళ్తూ ఉండొచ్చు, చనిపోయి కూడా ఉండొచ్చు. మీకు తెలియదు, మీ సీనియర్లకూ తెలియదు. బాగుపడ్డవాళ్లు ఆసుపత్రికి రావడం మానేస్తారు. బాగుపడనివాళ్లు వస్తూనే ఉంటారు. అందుకని ఏ రోజు వార్డులోకి వెళ్లి చూసినా దీర్ఘకాలంగా బాధపడేవాళ్లే ఎక్కువగా కనిపిస్తారు. అలా చూసీ చూసీ "ఈ జబ్బంటే ఇంతే" అన్న అభిప్రాయం మనసులో గట్టిపడిపోతుంది. 1984లో పట్రీషియా కోహెన్, జేకబ్ కోహెన్ అనే పరిశోధకులు దీనికి "క్లినీషియన్ భ్రమ" అని పేరు పెట్టారు. ఇది అనుభవం లేకపోవడం వల్ల వచ్చే పొరపాటు కాదు. అనుభవం పెరిగేకొద్దీ ముదిరే పొరపాటు. మీ సీనియర్లు అంత నమ్మకంగా మాట్లాడటానికి కారణం అదే.

ఈ భ్రమ నుంచి బయటపడాలంటే ఒక్కటే దారి. ఒక గుంపును ఎంచుకుని, వాళ్లు ఆసుపత్రికి వచ్చినా రాకపోయినా, బాగున్నా బాగోలేకపోయినా, ఏళ్ల తరబడి వెంట వెళ్లి చూడాలి. అమెరికాలో మెక్లీన్ ఆసుపత్రిలో మేరీ జనారిని బృందం 1992లో ఈ పని మొదలుపెట్టింది. బోర్డర్‌లైన్ డయాగ్నసిస్‌తో అడ్మిట్ అయిన 290 మందిని రెండేళ్లకోసారి మళ్లీ కలుస్తూ వచ్చారు. పదేళ్లు గడిచేసరికి 93 శాతం మందికి కనీసం రెండేళ్లపాటు లక్షణాలు డయాగ్నసిస్‌కు సరిపోయే స్థాయి కంటే తగ్గాయి. వీళ్లంతా వార్డులో చేరాల్సి వచ్చినవాళ్లు, అంటే మీరు రోజూ చూసేంత తీవ్రంగా ఉన్నవాళ్లే. "మారరు" అన్న మాట ఆ ఒక్క అంకెతో పోయింది.

అయితే ఆ అంకెను ఒంటరిగా తీసుకెళ్లి ఎవరికీ చూపించకండి. అదే అధ్యయనంలో లక్షణాలు తగ్గడంతో పాటు ఒక మంచి స్నేహమో అనుబంధమో నిలుపుకుంటూ, చదువో ఉద్యోగమో ఫుల్‌టైమ్ కొనసాగించగలిగినవాళ్లు సగం మందే. చేయి కోసుకోవడం ఆగిపోతుంది, గొడవలు తగ్గుతాయి, జీవితం మాత్రం ఖాళీగా ఉండిపోతుంది. ఇంకో సంగతి కూడా ఉంది. 24 ఏళ్ల పాటు చూస్తే ఆ గుంపులో 5.9 శాతం మంది ఆత్మహత్యతో చనిపోయారు. మారరన్నది తప్పు. తేలిగ్గా తీసుకోవచ్చనుకోవడమూ తప్పే. ఈ మూడు అంకెల్నీ ఒకేసారి మనసులో పెట్టుకుని పేషెంట్ ముందు కూర్చోగలగడం, పేషెంట్ తల్లి "మా అమ్మాయి బాగవుతుందా?" అని అడిగితే నిజం చెప్పగలగడం, పరిశోధన శిక్షణ ఒక ప్రాక్టీషనర్‌కు ఇచ్చేది ఇదే. పేపర్లు అచ్చు వేయించుకోవడం ఆ తర్వాతి మాట.

మీ సీనియర్ల మాట మీద కూడా పరిశోధన జరిగింది. 1988లో లూయిస్, ఆపిల్‌బీ అనే ఇద్దరు బ్రిటన్ పరిశోధకులు సైకియాట్రిస్టులకు ఒక కేసు వివరాలు రాసి ఇచ్చారు. కేసు ఒకటే. కొందరికి ఇచ్చిన కాగితంలో మాత్రం ఇతనికి గతంలో పర్సనాలిటీ డిజార్డర్ అని రాశారన్న ఒక్క వాక్యం చేర్చారు. ఆ వాక్యం చదివినవాళ్లు అదే మనిషిని కష్టమైన పేషెంట్ అనీ, నాటకాలాడుతున్నాడనీ, సాయానికి అంతగా అర్హుడు కాడనీ ఎక్కువగా అంచనా వేశారు. బ్రిటన్ ప్రభుత్వం 2003లో ఈ డయాగ్నసిస్‌ను వైద్యం నిరాకరించడానికి సాకుగా వాడకూడదని విధానపత్రమే తేవాల్సి వచ్చింది. కాబట్టి మీ వార్డులో వినబడే మాటను ఒకరిద్దరి దురుసుతనంగా చూడకండి. ఈ రంగం మొత్తాన్ని చాలాకాలంగా పట్టి ఉన్న అలవాటు అది. మీ మనసు నొచ్చుకున్నందుకు నాకు సంతోషంగా ఉంది. తొమ్మిదేళ్ల తర్వాత కూడా ఆ మాట మీకు అలవాటు కాలేదు.

ఇక థెరపీ కోర్సా, పరిశోధనా అన్నది. ముందే ఒక మాట స్పష్టంగా చెప్తాను. చాలామంది ఇక్కడే మోసపోతారు. పరిశోధన పీజీ చేసినంత మాత్రాన డీబీటీ (డయలెక్టికల్ బిహేవియర్ థెరపీ) గానీ, మెంటలైజేషన్ థెరపీ గానీ, స్కీమా థెరపీ గానీ, ఇలాంటి మాటల చికిత్సలు చేసే అర్హత రాదు. వాటికి వేరే శిక్షణ, వేరే సూపర్‌విజన్ ఉంటాయి. లైసెన్సు నియమాలు కూడా వేరు. "పర్సనాలిటీ డిజార్డర్స్" అని సర్టిఫికెట్ మీద ఉంటే థెరపిస్టుగా గుర్తింపు వస్తుందనుకుని చేరితే తర్వాత బాధపడతారు. మీకు ఇప్పుడు కావలసింది సెషన్‌లో ఏం మాట్లాడాలో తెలియడం అయితే ముందు థెరపీ శిక్షణే తీసుకోండి. మీ ఉత్తరం చదివితే నాకలా అనిపించలేదు. ఇదంతా పనిచేస్తోందా లేదా అన్నది మీకు తెలుసుకోవాలని ఉంది. ఆ ప్రశ్నకు జవాబు వెతకడం నేర్పేది పరిశోధన శిక్షణే.

"పేషెంట్లకు ఏం లాభం?" అనే మీ తోటివాళ్లకు ఒక ఉదాహరణ చెప్పండి. బోర్డర్‌లైన్ ఉన్నవాళ్లకు మూడ్ నిలకడగా ఉండాలని లామోట్రిజిన్ లాంటి మందులు రాయడం మీరు చూసే ఉంటారు. రాసినవాళ్లు మంచి ఉద్దేశంతోనే రాస్తారు, మందు మొదలుపెట్టాక పేషెంట్ కుదుటపడటం కళ్లారా చూస్తారు కూడా. బ్రిటన్‌లో మైక్ క్రాఫర్డ్ బృందం 276 మందితో దీన్ని పరీక్షించింది. సగం మందికి మందు, సగం మందికి అచ్చం అలాగే కనిపించే డమ్మీ మాత్ర. ఎవరికి ఏది వెళ్లిందో డాక్టరుకూ తెలియదు, పేషెంటుకూ తెలియదు. ఫలితాలు 2018లో వచ్చాయి. 52 వారాల తర్వాత లక్షణాల సగటు స్కోరు మందు తీసుకున్నవాళ్లలో 11.3, డమ్మీ తీసుకున్నవాళ్లలో 11.5. మొదట్లో ఉన్నదానికంటే రెండు గుంపుల్లోనూ స్కోరు తగ్గింది. అంటే మందు తీసుకున్నవాళ్లను మాత్రమే చూసిన డాక్టరు, ఇది పనిచేస్తోందని ప్రమాణం చేసి చెప్పగలడు. పోలికకు పక్కన రెండో గుంపు ఉంటేనే నిజం బయటపడింది. ఉపయోగం లేని మందును ఏళ్ల తరబడి మింగకుండా తప్పించుకునే పేషెంటుకు జరిగే లాభం అదే.

స్కోరు రెండు గుంపుల్లోనూ ఎందుకు తగ్గిందో ఇక్కడే చెప్పుకుందాం. మీరు భయపడుతున్న స్టాటిస్టిక్స్‌లో సగం ఇందులోనే ఉంది. ఈ పేషెంట్ల పరిస్థితి ఎప్పుడూ ఒకేలా ఉండదు, ఎగుడుదిగుళ్లు ఎక్కువ. వాళ్లు సాయం కోసం వచ్చేది బాగా కింద పడ్డప్పుడు. అధ్యయనంలో చేరేది కూడా అప్పుడే. అట్టడుగున ఉన్నప్పుడు మొదటి కొలత తీసుకుంటే, మీరు ఏం చేసినా చేయకపోయినా కొన్ని నెలలకు రెండో కొలత మెరుగ్గానే వస్తుంది. దీన్ని సగటు వైపు మళ్లడం అంటారు. మీ విభాగంలో 20 మందికి ఒక గ్రూప్ నడిపి, ముందూ తర్వాతా స్కోర్లు పోల్చి "గొప్పగా పనిచేసింది" అని రాసిన రిపోర్టులు చూసే ఉంటారు కదా. ఇకమీదట అవి కనిపిస్తే, పోల్చడానికి రెండో గుంపు ఉందా అని వెతుకుతారు. ఇప్పుడు మీరు చదివింది స్టాటిస్టిక్సే. ఫార్ములా ఒక్కటీ రాలేదు.

లెక్కల భయం గురించి ఇంకొంచెం ఆగి చెప్తాను. చాలామంది మంచి ప్రాక్టీషనర్లు ఈ భయంతోనే వెనక్కి తగ్గిపోతున్నారు, అది నాకు నిజంగా బాధ కలిగించే విషయం. సాఫ్ట్‌వేర్ చేసే కూడికలు మీరు చేయనక్కర్లేదు. ఏ అంకెను నమ్మాలో, దేన్ని నమ్మకూడదో మాత్రం తెలియాలి. నేను గైడ్ చేసే విద్యార్థుల చేత మొదట్లోనే ఒక పని చేయిస్తాను. నటులతో తీసిన ఒక ఇంటర్వ్యూ వీడియో చూపించి, మాట్లాడుకోకుండా ఎవరికి వాళ్లను మార్కులు వేయమంటాను. ఒక్కో లక్షణానికి 0, 1, లేదా 2. వీడియోలో ఒకామె నాలుగు నెలల్లో ఇద్దరు స్నేహితురాళ్లతో తెగతెంపులు చేసుకున్నానని, అన్నయ్యతో మాటల్లేవని చెబుతుంది. "సంబంధాల్లో నిలకడ లేకపోవడం" అన్న లక్షణానికి ఒకరు 2 వేస్తారు, మూడు తెగిపోయిన బంధాలు కళ్ల ముందున్నాయి కదా అంటారు. పక్కనున్నవాళ్లు 0 వేస్తారు. ఆ నాలుగు నెలలూ ఆమె తీవ్రమైన డిప్రెషన్‌లో ఉంది, అంతకుముందు పదేళ్లు అవే స్నేహాలు బాగానే నడిచాయి అంటారు. రెండోవాళ్లదే సరైన మార్కు. పర్సనాలిటీ డిజార్డర్ అనాలంటే ఆ తీరు ఏళ్ల తరబడి, రకరకాల సందర్భాల్లో కనిపించాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ కోసం తయారైన ఐపీడీఈ ఇంటర్వ్యూలో ఒక లక్షణాన్ని లెక్కలోకి తీసుకోవాలంటే అది కనీసం అయిదేళ్లుగా ఉండాలన్న నియమం పెట్టింది అందుకే. ఆ గదిలో జరిగే వాదన వింటే మీ వార్డులో డయాగ్నసిస్‌లు ఎలా పడుతున్నాయో కొత్తగా అర్థమవుతుంది. నాలుగు నెలల కష్టకాలాన్ని జీవితాంతపు ముద్రగా మార్చేయడం ఎంత సులువో తెలుస్తుంది.

తర్వాత ఇద్దరి మార్కులు ఎంతవరకు కలిశాయో లెక్కిస్తాం. ఇద్దరు కలిసి 100 మంది పేషెంట్లను చూశారనుకోండి. 86 మంది విషయంలో ఒకే మాట చెప్పారు. బాగుందనిపిస్తుంది. కానీ ఆ ఇద్దరూ 90 మందికి "ఉంది" అనే రాసే రకం అయితే, పేషెంట్‌ను చూడకుండా రాసినా 82 మంది విషయంలో వాళ్ల మాట కలుస్తుంది. ఇద్దరూ "ఉంది" అనడం 81 మందిలో, ఇద్దరూ "లేదు" అనడం ఒకరిలో. ఆ కాకతాళీయాన్ని తీసేసి మిగిలిన ఏకీభావం ఎంతో చెప్పేదే కప్పా. ఇక్కడ అది 0.22. పూర్తిగా కలిస్తే 1 వచ్చేది. 86 శాతం అన్న అందమైన అంకె వెనక ఉన్నది అంత బలహీనమైన ఏకీభావం. 1960లో ఈ కప్పాను ఇచ్చింది పైన చెప్పిన జేకబ్ కోహెనే. కూడిక, గుణకారం, భాగహారం దాటి ఇందులో ఏమీ లేదు. మందు డోసులు లెక్కగట్టిన నర్సుకు ఇది కష్టం కాదు.

కోర్సు ఎంచుకునేటప్పుడు పేరు చూడకండి. పర్సనాలిటీ డిజార్డర్ అన్న మాట పేరులో ఉన్న కోర్సులు ఎక్కడైనా తక్కువే. క్లినికల్ సైకాలజీలోనో, మెంటల్ హెల్త్ రీసెర్చ్‌లోనో, సైకియాట్రిక్ నర్సింగ్‌లోనో పీజీ చేస్తూ థీసిస్ ఈ అంశం మీద చేసేవాళ్లే ఎక్కువ. అందులో తక్కువేమీ లేదు. చూడాల్సింది గైడ్‌ను. ఆ మనిషి ఈ రంగంలో ఏం రాశారు, ప్రాక్టీసులో ఉన్నవాళ్లను ఇంతకుముందు గైడ్ చేశారా, వాళ్ల విద్యార్థుల థీసిస్‌లు జర్నల్‌లో అచ్చయ్యాయా, అలమారాలోనే ఉండిపోయాయా? పాత విద్యార్థులు ఇద్దరితో మాట్లాడండి. "రాసి పంపితే ఎన్నాళ్లకు సమాధానం ఇస్తారు?" అని అడగండి. పేరున్న గైడ్ దొరికి, ఆరు నెలలకోసారి కనిపించేవారైతే, పార్ట్‌టైమ్ చదివేవాళ్లు మధ్యలో వదిలేస్తారు.

సిలబస్‌లో ఒక విషయం తప్పక అడిగి తెలుసుకోండి. డయాగ్నసిస్ పద్ధతి ఇప్పుడు మారుతున్న దశలో ఉంది. 1980లో డీఎస్ఎం (అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ డయాగ్నసిస్ పుస్తకం) మూడో కూర్పు నుంచి వచ్చిన పద్ధతిలో బోర్డర్‌లైన్, పారనాయిడ్, అవాయిడెంట్ అంటూ రకాలుగా విడగొడతారు. 2013లో వచ్చిన డీఎస్ఎం-5 పది రకాలను అలాగే ఉంచి, వెనక భాగంలో ఒక ప్రత్యామ్నాయ నమూనాను చేర్చింది. 2022 జనవరిలో అమల్లోకి వచ్చిన ఐసీడీ-11 (ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల వర్గీకరణ) మాత్రం రకాలను దాదాపు తీసేసింది. ముందు తీవ్రత ఎంత అని చూడాలి: స్వల్పం, మధ్యస్థం, తీవ్రం. తర్వాత ప్రధానంగా కనిపించే గుణాలు రాయాలి. బోర్డర్‌లైన్ ఒక్కటి "ప్యాటర్న్" పేరుతో మిగిలింది. పాత రకాలు మాత్రమే బోధించే కోర్సులో చేరితే, మీరు బయటికొచ్చేసరికి మీ థీసిస్ పాతబడిపోతుంది. మరోవైపు, చికిత్సల మీద ఇప్పటివరకు జరిగిన ప్రయోగాలు దాదాపు అన్నీ పాత రకాల ఆధారంగా జరిగినవే. కాబట్టి రెండూ రావాలి. ఈ మార్పు మీలాంటివాళ్లకు మంచి అవకాశం కూడా. కొత్త పద్ధతి మామూలు క్లినిక్‌లో ఎలా నడుస్తోంది, ఇద్దరు నర్సులు ఒకే తీవ్రత రాస్తున్నారా అన్న ప్రశ్నలకు ఇంకా చాలా పని మిగిలి ఉంది.

రోగ అనుభవం ఉన్నవాళ్లు ఆ కోర్సులో పాఠం చెబుతారా అని కూడా అడగండి. బ్రిటన్‌లో ఈ డయాగ్నసిస్ కోసం ప్రత్యేకంగా తెచ్చిన శిక్షణలో ప్రొఫెషనల్స్ పక్కన వాళ్లూ ట్రైనర్లుగా నిలబడి బోధించారు. అది అలంకారానికి పెట్టింది కాదు. మనం రాసే ప్రశ్నాపత్రంలో "ఇతరులను వాడుకుంటారా?" లాంటి వాక్యం చదివితే ఎలా ఉంటుందో, దానికి మనుషులు ఎందుకు అబద్ధం చెబుతారో వాళ్లు ఒక్క నిమిషంలో చెప్పేస్తారు.

మీ పేషెంట్ల మీదే థీసిస్ చేయొచ్చా అన్నదానికి నా జవాబు: మీరే థెరపీ ఇస్తున్నవాళ్లను మీరే ఇంటర్వ్యూ చేయొద్దు. ఎథిక్స్ కమిటీ ఒప్పుకోకపోవచ్చన్నది చిన్న కారణం. ఈ పేషెంట్లలో చాలామందికి వదిలేస్తారేమో అన్నదే పెద్ద భయం. మీరు కన్సెంట్ ఫారం చేతికిస్తే "కాదంటే ఈవిడకు కోపం వస్తుందేమో, నన్ను చూడటం మానేస్తారేమో" అనుకుంటారు. నవ్వుతూ సంతకం పెడతారు. అది సమ్మతి కాదు. ఇంకో వైపు, మీ థెరపీ ఎలా ఉందని మీరే అడిగితే మీకు నచ్చే జవాబే వస్తుంది. అందుకని అధ్యయనం సంగతి పేషెంట్లకు వాళ్ల వైద్యంతో సంబంధం లేని మరొకరు చెప్పాలి. ఇంటర్వ్యూ వేరే యూనిట్ వాళ్లతో మీరు చేయండి, మీ యూనిట్ వాళ్లతో ఇంకొకరు చేస్తారు. లేదంటే ఎథిక్స్ అనుమతితో పేర్లు తీసేసిన రికార్డుల మీద పనిచేయండి. మూడో దారి నాకు బాగా నచ్చింది: పేషెంట్లను వదిలేసి సిబ్బందిని అధ్యయనం చేయండి. తోటి నర్సులు రాత్రి డ్యూటీలో చేయి కోసుకున్న పేషెంట్‌తో ఎలా మాట్లాడతారు, ఎందుకలా మాట్లాడతారు అన్నది బయటినుంచి వచ్చిన పరిశోధకుడికి దొరకదు, మీకు దొరుకుతుంది. వాళ్లతో కూడా ఒక జాగ్రత్త ఉంది. మీ చేతికింద పనిచేసేవాళ్లను మాత్రం మీరు ఇంటర్వ్యూ చేయకండి.

ఎవరితో మాట్లాడినా, మధ్యలో వాళ్లు "చనిపోవాలనుంది" అంటే మీరేం చేస్తారో ఇంటర్వ్యూకు ముందే కాగితం మీద రాసి ఉండాలి. ఎవరికి ఫోన్ చేస్తారు, గోప్యత ఎక్కడి వరకు, రికార్డర్ ఎప్పుడు ఆపుతారు. ఇది పాల్గొనేవాళ్లకు సంతకానికి ముందే చెప్పాలి. ఆత్మహత్య గురించి అడిగితే ఆ ఆలోచన పుట్టిస్తామేమో అని కొన్ని కమిటీలు భయపడతాయి. అడగడం వల్ల ఆ ఆలోచనలు పెరుగుతాయనడానికి ఆధారం లేదని 2014లో వచ్చిన ఒక సమీక్ష చెబుతోంది. కమిటీ ముందుకు వెళ్లేటప్పుడు ఆ మాట గుర్తుంచుకోండి.

థీసిస్ ప్రశ్న గురించి. కొత్తగా చేరేవాళ్లంతా దాదాపు ఒకే ప్రశ్నతో వస్తారు: "బోర్డర్‌లైన్‌కు డీబీటీ పనిచేస్తుందా?" డీబీటీని రూపొందించిన మార్షా లైనెహన్ 1991లో మొదటి ప్రయోగం ఫలితాలు ప్రచురించిన దగ్గర్నుంచి ఆ ప్రశ్న మీద ఎంతో పని జరిగింది. 2020 కాక్రేన్ సమీక్షలో (జరిగిన ప్రయోగాలన్నిటినీ కలిపి చూసే సమీక్ష) బోర్డర్‌లైన్‌కు మాటల చికిత్సల మీద 75 ప్రయోగాలు, 4,507 మంది లెక్కకు వచ్చారు. మీరొక్కరే ఏడాదిలో దానికి కొత్తగా చేర్చగలిగేది ఏమీ ఉండదు. పైగా 2009లో కెనడాలో షెల్లీ మెక్‌మేన్ బృందం 180 మందిలో సగం మందికి డీబీటీ, సగం మందికి పద్ధతి ప్రకారం చేసే మామూలు సైకియాట్రీ వైద్యం ఇచ్చి చూస్తే రెండు గుంపులూ బాగుపడ్డాయి, తేడా తేలలేదు. పేరున్న థెరపీ నేర్చుకోని చోట కూడా నిలకడగా, శ్రద్ధగా ఇచ్చే వైద్యం పనిచేయగలదన్నమాట. మీ విభాగానికి ఇది మంచి కబురు.

మీ ప్రశ్న చిన్నదిగా ఉండాలి. మీ స్కిల్స్ గ్రూప్‌లో చేరి నాలుగో సెషన్ లోపే మానేసినవాళ్లు ఎందుకు మానేశారు? అది ప్రశ్న. పది మందితో లోతుగా మాట్లాడితే చాలు, మీ విభాగం రేపటి నుంచే ఏదైనా మార్చుకోవచ్చు. బోర్డర్‌లైన్ కాని వాటి వైపు కూడా చూడండి. పరిశోధనంతా ఆ ఒక్కదాని చుట్టూనే తిరుగుతోంది. జనం ముందుకు రావడానికే భయపడే అవాయిడెంట్ రకం, ప్రతి నిర్ణయానికీ ఇంకొకరి మీద ఆధారపడే డిపెండెంట్ రకం మీద జరిగింది చాలా తక్కువ. వాళ్లు గొడవ చేయరు కాబట్టి ఎవరికీ గుర్తుకు రారు. మగవాళ్ల సంగతి కూడా అంతే. క్లినిక్‌లో బోర్డర్‌లైన్ అంటే ఎక్కువగా ఆడవాళ్లే కనిపిస్తారు. అమెరికాలో 2008లో ప్రచురించిన ఒక పెద్ద జనాభా సర్వేలో మాత్రం ఆడ, మగ మధ్య చెప్పుకోదగ్గ తేడా రాలేదు. మరి ఆ మగవాళ్లు ఎక్కడికి వెళ్తున్నారు? మళ్లీ అదే, రాని ముఖాల ప్రశ్న.

ఉద్యోగం మానకండి. పార్ట్‌టైమ్‌లో రెండు మూడేళ్లు తీసుకున్నా ఫర్వాలేదు, ప్రశ్నలు వార్డులోనే పుడతాయి. వారానికి ఒక పూట చదువుకు కేటాయించమని మీ విభాగాన్ని రాతపూర్వకంగా అడగండి. నోటిమాటగా ఒప్పుకున్న సెలవు డ్యూటీలు టైట్ అయిన మొదటి వారంలోనే పోతుంది. ఇంకొకటి, ఎవరూ ముందు చెప్పనిది: ఇంటర్వ్యూలు విని రాసుకోవడం మనసును బాగా కదిలిస్తుంది. సెషన్‌లో ఒక్కసారి విన్న చిన్ననాటి హింస గురించి, రికార్డింగ్‌లో వెనక్కి తిప్పి తిప్పి పదిసార్లు వింటారు. గైడ్ కాకుండా, దీని గురించి మాట్లాడుకోవడానికి వేరే ఒక సూపర్‌వైజర్‌ను మొదటి రోజు నుంచే పెట్టుకోండి.

వయసు గురించి నాకే సందేహమూ లేదు. నాలుగో సెషన్ దగ్గర ఎవరు మానేస్తారో, రాత్రి డ్యూటీలో ఏం జరుగుతుందో 23 ఏళ్ల విద్యార్థికి తెలియదు. మీకు తెలుసు.

దరఖాస్తు పెట్టే ముందు ఒక్క పేజీ రాయండి. మీ ప్రశ్న ఏమిటి, అది ఏ పేషెంట్‌ను చూసి పుట్టింది (గుర్తుపట్టే వివరాలు లేకుండా), జవాబు "కాదు" అని వస్తే మీ పనిలో ఏం మారుతుంది. ఆ పేజీని మీకు నచ్చిన ఇద్దరు గైడ్‌లకు పంపి, ఇది పార్ట్‌టైమ్‌లో అయ్యే పనేనా, డేటా ఎక్కడ దొరుకుతుంది అని అడగండి. బాగుంది, వచ్చి చేరండి అని ఒక్క లైనులో రాసినవారి కంటే, ప్రశ్నను ఇంకా చిన్నది చేసి పంపమన్నవారి దగ్గర చేరండి.